తలెత్తని మనుషులు

ఇప్పుడు పెళ్లి కుదిరిందంటే ఫంక్షన్ హాలు తర్వాత మాట్లాడుకునేది క్యాండిడ్ ఫొటోగ్రాఫర్ సంగతే. మొన్నామధ్య మా చుట్టాల పెళ్లిలో ఒక కుర్రాడు పెళ్లికూతురితో "మేడమ్, నా వైపు చూడకండి, అటు చూసి నవ్వండి, కొంచెం నేచురల్‌గా, ఇందాకటి కంటే నేచురల్‌గా" అంటుంటే ఆ పిల్ల పాపం నగల బరువుకి మెడ తిప్పలేక, పొద్దుట్నుంచీ ఏమీ తినక, నేచురల్‌గా నవ్వడానికి తంటాలు పడుతోంది. ఆ కుర్రాడిని అనేదేం లేదు, అది అతని బతుకుతెరువు. ఫొటోలు కూడా బాగానే వచ్చాయి, తర్వాత చూశాను. కాకపోతే ఒకప్పుడు ఎదుటి మనిషి మన వైపు చూడకుండా ఒక్క ఫొటో దక్కించుకోవాలని మేం పడ్డ పాట్లు, తిన్న తిట్లు గుర్తొచ్చాయి. మర్చిపోకముందే రాసిపెడదామని కూర్చున్నాను.

తొంభైల నాటి బెజవాడ. డిగ్రీ చదువుతున్నానని ఇంట్లో అనుకునేవాళ్లు. గవర్నర్‌పేటలో ఒక స్టూడియో ఉండేది, దాని ఓనర్‌ని అందరం మాస్టారు అనేవాళ్లం. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, పెళ్లిళ్లు, శవాల ఫొటోలు, ఏది వస్తే అది తీసేవారు. నేను ఖాళీగా తిరగడం చూసి డార్క్‌రూమ్‌లో ట్రేలు కడగడానికి పెట్టుకుని, జీతం బదులు ఎవరో అమ్ముకోవడానికి తెచ్చిన యాషికా ఎఫ్‌ఎక్స్-3 కెమెరా నా చేతిలో పెట్టారు. 50 ఎంఎం లెన్సు ఒక్కటే. లైట్ మీటర్ బ్యాటరీ అయిపోతే అంతే సంగతులు, కానీ షట్టర్‌కి బ్యాటరీతో పనిలేదు, అదొక్కటే అదృష్టం. ఎండలో ఎంత, నీడలో ఎంత, గదిలో కిటికీ పక్కన ఎంత అని మాస్టారు నోటి లెక్కలు చెప్పేవారు. ఎక్కాల కంటే అవే నాకు బాగా వచ్చాయి.

ఫిల్మ్ కొనడమే పెద్ద ఖర్చు. రోలుకి 36 ఫొటోలు. వంద అడుగుల బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ డబ్బాగా దొరికేది, చీకటి గదిలో దాన్ని పాత క్యాసెట్లలోకి చుట్టుకుంటే పద్దెనిమిది రోళ్ల దాకా వచ్చేవి. కొన్నాళ్లు ఒకప్పటి తూర్పు జర్మనీ వాళ్ల ఓర్వో, కొన్నాళ్లు ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు చేసే ఇందు, ఏది చవగ్గా దొరికితే అది. కడగడం ఇంకో తలనొప్పి. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని డబ్బా మీద రాసుంటుంది. మే నెలలో బెజవాడ కుళాయి నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. సోడా కొట్టు నుంచి ఐసుముక్క తెచ్చి, బకెట్లో వేసి, అందులో ట్యాంకు పెట్టి ఆడిస్తూ కూర్చునేవాళ్లం. ఐసు కరిగిపోతే ఫిల్మ్ మీది పూత మెత్తబడి, మొహాలన్నీ అమ్మవారు పోసినట్టు వచ్చేవి.

అంత కష్టపడి తీసేది ఏంటంటే, పని చేసుకునే మనుషుల్ని. అదెందుకో అప్పుడు నాకూ తెలీదు. సూర్యాస్తమయాలు, కృష్ణా బ్యారేజీ గేట్లు, భవానీ ద్వీపం అందరూ తీస్తున్నారు కదా, మనం వేరేది తీద్దాం అనుకోవడం కావచ్చు. ఉత్తినే రోడ్డు మీద నిలబడితే వన్ టౌన్‌లో ఎటు చూసినా ఎవరో ఒకరు ఏదో ఒకటి మోస్తూ, కోస్తూ, కొడుతూ, కుడుతూ ఉండేవాళ్లు.

మొదట్లో అందరూ చేసేదే నేనూ చేశాను. స్తంభం చాటు నుంచి తీయడం, వేరే ఎవరినో తీస్తున్నట్టు నటించి చటుక్కున ఇటు తిప్పడం, కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని చూడకుండా నొక్కడం. అలా నొక్కినవాటిలో సగం వాటిలో ఆకాశం, మిగతా సగంలో ఎవరిదో లుంగీ వచ్చేవి. ఫ్రెంచాయన కార్టియే బ్రెస్సాఁ, 1948లో గాంధీగారి అంతిమయాత్ర తీసినాయన, తన లైకా కెమెరా మెరవకుండా నల్ల టేపు అతికించుకునేవాడని ఎక్కడో చదివి నేనూ ఎలక్ట్రికల్ షాపులో టేపు కొన్నాను. మా యాషికా ఎలాగూ నల్లదే, దాని నుదుటి మీద తెల్ల అక్షరాలు మాత్రం కప్పెట్టాను. ఫలితం ఏంటంటే ఆటోనగర్‌లో నన్ను పట్టించుకోనివాళ్లు కూడా పిలిచి మరీ "ఏం తమ్ముడూ, కెమెరా పగిలిందా?" అని అడగడం మొదలెట్టారు.

అసలు సంగతి నాకు కళాయి సాయిబు గారి దగ్గర అర్థమైంది.

ఇప్పటి పిల్లలకి కళాయి అంటే తెలియకపోవచ్చు. ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుసు, మజ్జిగ లాంటివి ఉంటే కిలుం పడుతుంది, అది ఒంటికి మంచిది కాదు, అందుకని లోపల తగరం పూత పూయించేవాళ్లు. కొన్నాళ్లకి ఆ పూత అరిగిపోతే మళ్లీ పూయించాలి. "గిన్నెలకు కళాయీ" అని కేక వేస్తూ వచ్చి, మా వీధి చివర చింతచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, తిత్తి గొట్టం అందులో పెట్టి, బొగ్గులు రాజేసేవారు సాయిబు గారు. కెమెరా పట్టుకుని నేను వెళ్లేసరికి ఆయన టోపీ సర్దుకుని, చొక్కా బొత్తాం పెట్టుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టి బిగుసుకుని కూర్చున్నారు. "పని చేసుకోండి సాయిబు గారూ" అంటే, "పని ఎందుకు బాబూ, మంచిగా తియ్" అన్నారు. ఒకటి తీశాను. అది ఆయన కోసం.

ఇంతలో ఎవరింట్లోంచో ఒక పెద్ద గుండిగ వచ్చింది. అప్పుడు చూడాలి ఆయన్ని. గుండిగని పట్టకారుతో పట్టుకుని నిప్పు మీద తిప్పుతూ, లోపల నవాసాగరం పొడి చల్లారు. గుప్పున తెల్లటి పొగ, ముక్కుపుటాలు అదిరిపోయే ఘాటు. ఆ పొగలోనే తగరం కడ్డీ తీసుకుని అడుగున ఇలా తాకించారో లేదో కరిగి చుక్కలు చుక్కలుగా జారింది. వెంటనే దూది ఉండతో ఆ చుక్కల్ని గిన్నె లోపలంతా గుండ్రంగా తుడుచుకుంటూ పోయారు, చెయ్యి పోయినంత మేరా నల్లటి ఇత్తడి తెల్లగా మారిపోతోంది. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుందని తర్వాత ఎప్పుడో చదివాను. వేడి తగ్గితే పూత పరుచుకోదు, గడ్డలు కడుతుంది. ఎక్కువైతే పచ్చబడి పాడవుతుంది. ఆ కొద్ది నిమిషాలూ ఆయన కళ్లు గుండిగ లోపలే ఉండాలి. నేను అడుగు దూరంలోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, లెన్సు దాదాపు పొగలో పెట్టి తీసుకున్నాను. ఆయనకి నేనున్నట్టే తెలీదు. తెలిసినా తల ఎత్తడానికి వీల్లేదు. గుండిగ నీళ్లలో ముంచి సుయ్‌మన్నాక తలెత్తి, "తీశావా బాబూ?" అని మళ్లీ టోపీ సర్దుకున్నారు.

ఆ రోజు నుంచి చాటుగా తీయడం మానేశాను. దాక్కోవాల్సిన అవసరమే లేదు. ప్రతి పనిలోనూ చేస్తున్నవాడు తల ఎత్తలేని ఘడియ ఒకటి ఉంటుంది, అది ఎప్పుడొస్తుందో కనిపెట్టి అప్పటిదాకా ఊరుకుంటే చాలు. మన ఎదురుగానే నిలబడొచ్చు, దగ్గరికీ వెళ్లొచ్చు. పెసరట్టు వేసేవాడికి పిండి పల్చగా తిప్పే ఆ రెండు క్షణాలు, కంసాలికి ఊదుగొట్టంతో అతుకు పెట్టేటప్పుడు, టైలర్‌కి కత్తెర గుడ్డలోకి దిగేటప్పుడు, మంగలికి గడ్డం కింద కత్తి నడిచేటప్పుడు (ఇక్కడ గడ్డం గీయించుకునేవాడు కూడా కదలడు, రెండు విధాలా లాభం). పని తెలియకుండా ఆ ఘడియ తెలీదు. అందుకని ఫొటో తీసేదానికంటే పని చూస్తూ కూర్చునే టైమే ఎక్కువైపోయింది. మాస్టారు "ఫొటోగ్రాఫర్‌వి అవుతావో లేదో గానీ మేస్త్రీవి మాత్రం అవుతావురా" అనేవారు.

సుత్తి పనులకి ఇంకో కిటుకు ఉంది. కమాను కట్టలు కొట్టే చోట, వెలుతురు తక్కువ, షట్టర్ సెకనులో అరవయ్యో వంతుకి మించి పెట్టలేం, దెబ్బ పడేటప్పుడు తీస్తే సుత్తి బదులు ఒక మరక వస్తుంది. అదే సుత్తి పైకెళ్లి, కిందికి తిరగబోయే ముందు లిప్తపాటు ఆగుతుంది. అక్కడ నొక్కాలి. అప్పుడు సుత్తీ నిలుస్తుంది, ఎత్తిన చేతుల నరాలూ కనిపిస్తాయి, మనిషి మొహంలో దెబ్బ ఇంకా పడలేదన్న ఉగ్గబట్టడం కూడా ఉంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చాలా రోళ్లు తగలేశాక తెలిసింది. ఫోకస్ సంగతి మాత్రం మాస్టారే చెప్పారు. పది అడుగుల దగ్గర ఫోకస్ పెట్టేసి, లెన్సు రంధ్రం ఎఫ్-8లో ఉంచి, ఇక దాని జోలికి పోకు, ఎనిమిది నుంచి పదమూడు అడుగుల మధ్యలో ఎవడున్నా చక్కగా వస్తాడు అని. ఎండలో తిరిగినన్నాళ్లూ అదే పద్ధతి. కెమెరా కంటికి ఆనించి రింగు తిప్పుతూ కూర్చుంటే ఎవడైనా చూస్తాడు మరి.

ఆటోనగర్ గురించి రాస్తే ఇది పూర్తవదు. లారీ ఛాసిస్ ఒకటి ఎముకల గూడులా వచ్చి, వడ్రంగులు, టింకరింగ్ వాళ్లు, వెల్డర్లు, పెయింటర్లు అందరి చేతుల మీదుగా వెళ్లి, చివర్న నెమళ్లు, తామరపూలు, "దేవుని దయ" రాసుకుని బయటికి పోయేది. చెవులు చిల్లులుపడే మోతలో నా షట్టర్ చప్పుడు నాకే వినపడేది కాదు. అక్కడ నేను తీసిన వాటిలో చాలావాటిలో చిన్నపిల్లలున్నారు. నా మోకాలి ఎత్తు లేని పిల్లాడు లారీ కింద పడుకుని గ్రీజు పూస్తుంటాడు, పైన ఉన్నవాడు "పదమూడు పధ్నాలుగు ఇవ్వరా" అంటే చీకట్లోనే సరైన పానా అందిస్తాడు. బాలకార్మిక చట్టం 1986లోనే వచ్చింది, అప్పట్లో ప్రమాదకరం అని లిస్టులో పెట్టిన పనులకే నిషేధం. పధ్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని, సొంత కుటుంబం పనుల్లో సాయం లాంటి కొన్నిటిని మినహాయించి, సవరణ చేసింది 2016లో. ఫొటోలుగా చూస్తే అవి బాగుంటాయి, మసి మొహంలో తెల్లటి కళ్లు, పక్క నుంచి వెల్డింగ్ వెలుగు. ఎగ్జిబిషన్‌కి పెట్టమని ఒకరిద్దరు అడిగారు. నేనివ్వలేదు. ఆ పిల్లల్ని చూసి అబ్బ ఎంత బాగుంది అనడం నాకు నచ్చదు, అంతే.

గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లాలన్న పిచ్చి కూడా ఆ రోజుల్లోదే. సీజన్‌లో, ఫిబ్రవరి మార్చి నెలల్లో, బస్సు దిగిన దగ్గర్నుంచే ముక్కుకి తెలిసిపోతుంది. ముఠా కూలీలు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వీపు మీద వేసుకుని ఉరుకుతుంటారు, కాటా దగ్గర గొడవలు, కొనేవాళ్లు బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి కాయ తీసి విరిచి చూస్తుంటారు. తేజ రకం ఎంత, 334 రకం ఎంత అని ఒకటే గోల. ముక్కుకి రుమాలు కట్టుకుని వెళ్లినా నాకు తుమ్ములు ఆగలేదు. ఒక పక్క ఆడవాళ్లు కుప్పల మధ్య కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. పండు మిరపలో తెల్లబారి పోయిన కాయని వాళ్ల వేళ్లు ఎలా పట్టుకుంటాయో, చూపు మాత్రం పక్క ఆవిడ చెప్పే కబుర్ల మీద ఉంటుంది. ఆడవాళ్లు పని చేసుకునే చోట చెప్పకుండా కెమెరా తీయకూడదని మాస్టారి ఆర్డరు, అది నేను ఎప్పుడూ తప్పలేదు. ముందు వాళ్లలో పెద్దావిడ ఎవరో చూసుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"ఏందయ్యా ఫొటోలు? పెళ్లి సంబంధాలేమన్నా చూస్తన్నావా?" అంది ఆవిడ. అందరూ ఘొల్లుమన్నారు.

"కాదు పెద్దమ్మా, మీరు పని చేసుకుంటుంటే..." అనబోయి తుమ్మాను. ఇంకోటి. ఇంకోటి. "మాకు రాని తుమ్ము నీకొచ్చిందేందయ్యా, తియ్యి తియ్యి, చచ్చిపోయేట్టున్నావు, తీసుకుని పో" అంది. అంత నవ్వాక వాళ్లు మళ్లీ పనిలో పడటానికి చాలాసేపు పట్టింది, కానీ పడ్డారు. కూలి కుప్ప లెక్కన ఇస్తారు, నన్ను చూస్తూ కూర్చుంటే వాళ్లకి గిట్టదు. తీరా ఇంటికొచ్చి కడిగి చూసుకుంటే, బ్లాక్ అండ్ వైట్‌లో మిరపకాయల కుప్పలన్నీ బూడిద రంగులో ఉన్నాయి! ఏం కాయలో, అసలు కాయలో చెత్తో తెలియదు. ఊరు ఊరంతా ఎర్రగా ఉన్నచోట ఎరుపే రాని ఫిల్మ్ వేశాను. తర్వాతి సీజన్‌లో కలర్ రోలు వేసుకుని పోయాను. అప్పుడు ఎరుపు వచ్చింది, ఎంతగా అంటే మనుషుల మీద చూపు నిలవలేదు. ఇప్పటికీ ఆ బూడిద రంగు ఫొటోలే నాకిష్టం, వేళ్లు కనిపిస్తాయి.

ఏలూరు రోడ్డు సందుల్లో చిన్న చిన్న ప్రెస్సులు ఇంకా నడిచేవి. అప్పటికే కంప్యూటర్ డీటీపీ వచ్చేసింది, పుస్తకాలన్నీ అటు పోయాయి, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు మాత్రం సీసపు అక్షరాలతోనే. ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్ అన్న ఉండేవాడు. ఎడమ చేతిలో అక్షరాలు వరుసగా పేర్చుకునే స్టిక్, కుడిచెయ్యి కేసుల మీద, అంటే అక్షరాల గదులున్న పెట్టెల మీద తిరుగుతూ ఉంటుంది. ఇంగ్లిష్‌కైతే ఇరవయ్యారు అక్షరాలు, మనకి గుణింతాలు, వత్తులు, అన్నీ విడివిడి గదుల్లో. ఆ గదుల మీద పేర్లు రాసి ఉండవు. కళ్లు మాన్యుస్క్రిప్ట్ కాగితం మీద, నోట్లో ఆకూవక్కా, చెయ్యి దానంతటదే "క్ష్మి" వత్తు ఉన్న గదికి పోతుంది. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి, వరుసని తలకిందులుగా చదువుకుంటాడు. కేసు పైన వేలాడే ఒక్క బల్బు వెలుతురు. నేను గుమ్మానికి మోచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, సెకనులో ముప్పయ్యో వంతుకి తీసేవాణ్ని. మొహం స్పష్టంగా వచ్చి, చెయ్యి మాత్రం చెదిరిపోయి వచ్చింది ఒకదాంట్లో. మాస్టారు చూసి "ఇది బాగుంది, చెయ్యి లేదు పని ఉంది" అన్నారు. ఆయన మెచ్చుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి ఈ మాట బాగా గుర్తు.

ఆ చెదరడం కావాలని చేయొచ్చని తెలిసింది ప్రముఖ ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ ఫొటో చూశాకే. 1995లో బొంబాయి చర్చిగేట్ స్టేషన్‌లో తీసింది. జనం అంతా ప్రవాహంలా చెదిరిపోయి ఉంటే, మధ్యలో పేపర్ చదువుకుంటున్న మనుషులు మాత్రం కదలకుండా ఉంటారు. అది చూసి వారం రోజులు నిద్ర పట్టలేదు. బెజవాడ జంక్షన్‌లో అలాంటిది తీయాలని ఎవరిదో ట్రంకు పెట్టె మీద కెమెరా పెట్టి తీశాను. అందరూ చెదిరారు, కూలీలు కూడా, చివరికి బెంచీ ఒక్కటే మిగిలింది. రైలు వస్తే మనవాళ్లు ఒక్కరూ కదలకుండా ఉండరు, బొంబాయి వాళ్లకి రైలంటే లెక్కలేదు కాబట్టి అలా కుదిరింది అని సరిపెట్టుకున్నాను.

ఒకసారి తీసి వదిలేయకుండా ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లంటే నాకు గౌరవం. వరంగల్ భరత్ భూషణ్ గారు తెలంగాణ ఊళ్లలో ఇళ్ల తలుపులు, గడపలు, బతుకమ్మలు ఏళ్ల తరబడి తీశారు. 2022లో పోయారాయన. ఆ పట్టు నాకు లేదుగానీ, ఫొటో ప్రింటు తీసుకెళ్లి ఇవ్వడం మాత్రం మానలేదు. మ్యాక్సీ సైజు ప్రింటు. చాలామంది దాన్ని చూసి పెదవి విరిచేవాళ్లు. "ఈ మసి మొహం ఏంటి, చెప్పుంటే చొక్కా మార్చుకుని వచ్చేవాణ్నిగా" అనేవాళ్లు. కళాయి సాయిబు గారు పొగలో ఉన్న ఫొటో వెనక్కిచ్చేసి, టోపీ సర్దుకుని బిగుసుకున్న దాన్ని ఉంచుకున్నారు.

మా వీధి ఇస్త్రీ బండి ఆయన సంగతి చెప్పాలి. ఇత్తడి ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజుకోవడానికి పెట్టెని గాలిలో అటూ ఇటూ ఊపేవాడు, నిప్పురవ్వలు లేచేవి. అలా ఊపుతూ కొంచెం తల పైకెత్తినప్పుడు ఒకటి తీశాను, నా మటుకు నాకు అది మంచి ఫొటో. కొన్నేళ్లకి ఆయన పోయాడు. వాళ్లబ్బాయి వచ్చి "నాన్న ఫొటో మీ దగ్గరుందంట కదన్నా" అంటే వెతికి, పెద్ద సైజు ప్రింటు వేయించి ఇచ్చాను. దశదిన కర్మ రోజు వీధి మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ పెట్టారు. అందులో మొహం ఒక్కటే నా ఫొటోలోది. దాని కింద నీలం రంగు కోటు, ఎర్ర టై. వెనకాల స్విట్జర్లాండో ఏదో, మంచు కొండలు. నిప్పురవ్వలూ లేవు, పెట్టే లేదు. ఒళ్లు మండింది. ఫ్లెక్సీ షాపు వాడితో రెండు మాటలు అందామనే బయల్దేరాను. బండాయన భార్య అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునుంది. "జీవితమంతా ఊళ్లోవాళ్ల కోట్లు ఇస్త్రీ చేశాడు బాబూ, ఎంత దర్జాగా ఉన్నాడో చూడు" అంది. ఇక షాపుకి వెళ్లలేదు.

ఇప్పుడు నా చేతిలోనూ ఫోనే. తీయడం సుఖం, రోలు అయిపోతుందన్న టెన్షన్ లేదు, ఐసుముక్కలు లేవు. కానీ మనుషులు మారారు, మారాలి కూడా. అప్పుడు "పేపర్లో పడుద్దా?" అని అడిగేవాళ్లు, పడదంటే వాళ్ల పని వాళ్లు చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఫోను తీయగానే "ఏ ఛానల్ అన్నా?" అంటున్నారు. పునుగుల బండి కుర్రాడు నన్ను చూసి చేతిలో పిండి ముద్ద తీసుకుని, గాల్లోకి ఎగరేసి నూనెలో పడేలా చేసి, ఎలా ఉందన్నట్టు చూశాడు. రీల్స్ కోసం అలా నేర్చుకున్నాడట, గిరాకీ కూడా పెరిగిందట. వాడిని తప్పుపట్టలేను, నా ఫొటో పాడైందన్న బాధ తప్ప. ఇంకొంతమంది "తీయొద్దు" అని మొహం మీదే చెప్తున్నారు, ఆ ఫొటో ఎక్కడెక్కడ తిరుగుతుందో వాళ్లకి తెలుసు కాబట్టి. అడిగితే వద్దన్నారంటే వద్దనే. అయినా తలెత్తని ఘడియ ఇంకా ఎక్కడికీ పోలేదు. సెల్‌ఫోన్ రిపేర్ షాపుల్లో చూడండి, మైక్రోస్కోప్ కింద సోల్డరింగ్ చేసే కుర్రాడు, ఎదురుగా కస్టమర్ తిడుతున్నా తల ఎత్తడు. ఈ మధ్య అవే తీస్తున్నాను.

పాత నెగెటివ్‌లకి బూజు పట్టడం మొదలైంది, మన ఉక్కపోతకి పట్టక ఏమవుతుంది. మెల్లగా ఒక్కొక్కటీ స్కాన్ చేస్తున్నాను. అందులో గాంధీనగర్ సినిమా బ్యానర్లు గీసే చోట తీసినవి బయటపడ్డాయి. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ అటే కాబట్టి వాళ్లూ అక్కడే ఉండేవాళ్లు. సినిమా వాళ్లు ఇచ్చిన చిన్న స్టిల్ మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గోడకి ఆనించిన పెద్ద గుడ్డ మీద అవే గళ్లు పెద్దవిగా కొట్టి, ఒక్కో గడి చూసుకుంటూ రంగు వేసుకుపోయేవాళ్లు. నా ఫొటోలో ఒక ఆర్టిస్టు నిచ్చెన మీద నిలబడి హీరో కన్ను వేస్తున్నాడు. కన్ను ఆయన తలకంటే పెద్దది. ఆ దూరం నుంచి ఆయనకి కన్ను కన్నులా కనపడదు, నల్ల రంగు, తెల్ల రంగు, గళ్లు అంతే. అందుకే ప్రతి నాలుగు దెబ్బలకీ కిందికి దిగి, రోడ్డు అవతలికి వెళ్లి చూసి, మళ్లీ ఎక్కేవాడు. నేను తీసింది నిచ్చెన మీద, కుంచె కనుపాప అంచు మీద ఉన్నప్పుడు.

రెండు వేల తర్వాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చి ఆ పని మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆయన గోడల మీద ప్రకటనలు, స్కూళ్లలో బొమ్మలు, గుళ్లలో రంగులు వేసుకుంటూ నెట్టుకొచ్చాడని విన్నాను. వాళ్లనీ వీళ్లనీ అడిగి ఇల్లు పట్టుకుని, ప్రింటు తీసుకెళ్లాను. పెద్దవాడైపోయాడు, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫొటోని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చాలాసేపు చూశాడు.

"ఇది నువ్వే బాబాయ్, గుర్తుపట్టావా?" అన్నాను, ఆయన ఏమీ మాట్లాడకపోయేసరికి.

"నేనేలే, నేను తెలుస్తన్నాగా. ఈ కన్ను చూడు. కింద గడిలోకి జారిపోయింది. ముక్కుకీ దీనికీ పొత్తు లేదు. ఇట్టాగే కట్టేశారంటావా దీన్ని థియేటర్ మీద?"

"కట్టే ఉంటారు బాబాయ్. ఎవరికి తెలుస్తుంది అంత కింద నుంచి?"

"తెలియకపోవడమేంటి, నాకు తెలవట్లా?" అని విసుక్కుని, వాళ్లావిణ్ని పిలిచి కాఫీ పెట్టమన్నాడు. నేను వచ్చేస్తుంటే గేటు దాకా వచ్చి, ఇంకో కాపీ తీసి పంపించమని అడిగాడు, మనవరాలు హైదరాబాద్‌లో ఉంటుంది, దానికి ఇవ్వాలట. సరే బాబాయ్ అన్నాను. "ఆ కాపీలో మాత్రం కన్ను కనపడకుండా కోసెయ్" అన్నాడు.